తెల్లపూత

ఓవెన్ లోపల బ్యాటరీ సెల్లు ఉబ్బడం ఆమనికి కొత్త కాదు. ఉబ్బాలి కూడా. అరచేతి వెడల్పున చదునుగా ఉండే ఆ వెండిరంగు సెల్లుని ఇనుప పెట్టెలో పెట్టి, వేడిని నెమ్మదిగా నూట యాభై డిగ్రీలదాకా తీసుకువెళ్లి, మందపాటి అద్దానికి ఇవతల స్టూలు మీద కూర్చుని చూడటం ఆమె ఉద్యోగం. మంచి సెల్లయితే పొట్ట ఉబ్బి, అంచు దగ్గర కాస్త ఆవిరి వదిలి, ఇక దేనికీ పనికిరాకుండా చల్లబడుతుంది. అలా చప్పుడు లేకుండా చచ్చిపోయిన సెల్లే పాసయినట్టు.

ఆ మంగళవారం మధ్యాహ్నం సెల్లు ఉబ్బింది కానీ ఆవిరి వదల్లేదు. ఆమని మెడ చాచి చూస్తుండగానే లోపల తెల్లటి వెలుగు లేచి అద్దమంతా నిండింది. వెంటనే చప్పుడు. ఇనుప పెట్టె బల్లమీద ఎగిరి పడింది. తలుపు సందుల్లోంచి బూడిదరంగు పొగ ఈల వేస్తూ చిమ్ముకొచ్చింది.

తను ఎప్పుడు లేచిందో, గోడకు ఎప్పుడు ఆనుకుందో ఆమెకే తెలియలేదు. గొంతులో ఏదో తియ్యటి ఘాటు. 

పక్క షెడ్డులో పూత మిషను నడిపే సాంబయ్య ఇసుక బకెట్టుతో పరుగెత్తుకొచ్చాడు. వస్తూనే స్విచ్చి కట్టేసి, ఆమె ముందు అడ్డంగా నిలబడ్డాడు.

"మేడం, బయటికి నడువుండ్రి. ఆ పొగ మంచిది కాదు. నడువుండ్రి ముందు."

బయట నాచారం ఎండ. రేకుల షెడ్ల మధ్య సిమెంటు దారి కాలిన పెనంలా ఉంది. ఆమె అక్కడే పంపు కట్టమీద కూర్చుని చేతులవైపు చూసుకుంది. 

పొగ పోయాక ఇద్దరూ లోపలికి వెళ్లారు. సెల్లులో మిగిలింది నల్లటి మసి, వంకర తిరిగిన రాగి రేకు. సాంబయ్య అట్టపెట్టె మీద చీటీ చదివి, తన షెడ్డుకు వెళ్లి, ఆ సెల్లుకు వాడిన ఫిల్ము రోలులో మిగిలిన ముక్క పట్టుకొచ్చాడు. సెల్లు లోపల రెండు లోహపు రేకుల మధ్య ఉండే ప్లాస్టిక్ పొర అది. సెపరేటర్ అంటారు. వెంట్రుక కన్నా పలచన. ఆ రెండు రేకులూ తాకితే మంటే కాబట్టి, తాకకుండా చూడటం దాని పని. వేడెక్కితే ప్లాస్టిక్కు ముడుచుకుపోతుంది కదా, ముడుచుకోకుండా దానిమీద అల్యూమినా అనే పింగాణీలాంటి పొడిని జిగురులో కలిపి తెల్లగా పూత పూస్తారు. ఆ పూత పట్టుకుని ఉన్నంతసేపు ఎంత వేడిలోనైనా రేకులు దూరంగా ఉంటాయి.

ఆమని ఆ ముక్కమీద బొటనవేలితో రుద్దింది. సున్నం గోడను రుద్దినట్టు వేలంతా తెల్లబడింది. వేలు పడినచోట ఉత్త ప్లాస్టిక్కు మెరిసింది.

"కరెంటు," అన్నాడు సాంబయ్య మెల్లగా. "ఫిల్ము నడుస్తుంటనే కరెంటు పోతది. ఆరవెట్టే హీటరు సల్లబడ్తది. పచ్చి పూత గట్లనే ఆగిపోతది. మల్ల కరెంటొచ్చినంక నడిపిస్తే పైకి తెల్లగనే కనవడ్తది గని, పట్టుకోదు."

"జనరేటరు ఉందిగా."

"గది లైట్లకు, ప్యాకింగుకు. హీటర్ని గుంజలేదు. సారుకు ఎరికే."

ఆ ఎండాకాలం ఫ్యాక్టరీలకు కరెంటు కోత లేని రోజు లేదు. ఆమనికి ఆ మాట అప్పుడు తట్టలేదు. తట్టినా వెనక్కి నెట్టేసిందేమో.

*

జగన్మోహన్ గొంతు పెంచడు. షెడ్డులో ఎవరూ ఆయన అరవగా వినలేదు. ఒకప్పుడు ఏదో పరిశోధనశాలలో పనిచేసి, అది వదిలేసి, ఈ బ్యాటరీల కంపెనీని రేకు రేకూ పేర్చి నిలబెట్టుకున్న మనిషి. ఏదైనా తప్పు జరిగితే కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి ఎదుటి మనిషిని చూస్తాడు. ఆ చూపంటే ఆమనికి భయం.

ఇప్పుడూ కళ్లజోడు తీశాడు.

"గనుల ఆర్డరులోదేనా?"

"అవునండి."

బొగ్గుగనుల్లోకి దిగేవాళ్ల టోపీ దీపాలకు వేసే బ్యాటరీలు అవి. దీపం టోపీకి ఉంటుంది, బ్యాటరీ డబ్బా బెల్టుతో నడుముకు. కంపెనీకి వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు. శనివారం లారీ వస్తుంది.

ఆయన సాంబయ్యను పిలిపించాడు. సాంబయ్య తలుపు దగ్గరే చెప్పులు వదిలి లోపలికి వచ్చాడు.

"ఆ రోలు నడుస్తున్నప్పుడు ఏమైంది?"

ఆమని నోరు తెరవబోయింది. కరెంటు సంగతి తను చెబితేనే బాగుంటుందనుకుంది. కానీ సాంబయ్య ముందే అన్నాడు.

"నాదే తప్పు సార్. చాయ్ తాగనీకె పోయిన. వచ్చేసరికి హీటరు ఆగి ఉండె. సూస్కోలేదు. గట్లనే నడిపిచ్చిన."

ఆమని అతనివైపు చూసింది. సాంబయ్య మిషను వదిలి వెళ్లే మనిషి కాదు. అన్నం కూడా అక్కడే నిలబడి తింటాడు. అతను ఆమెవైపు చూడలేదు.

జగన్మోహన్ అతనివైపు తిరిగాడు. 

"గనిలో అది మనిషి నడుముకుంటుంది సాంబయ్యా. నీకు తెలుసుగా."

"తెల్సు సార్."

"రేపట్నుంచి రాకు."

సాంబయ్య తలూపి, వెనక్కి నడిచి, చెప్పులు వేసుకున్నాడు.

"ఆ రోలుతో చేసినవన్నీ పక్కన పెట్టించమ్మా," అన్నాడు జగన్మోహన్ కళ్లజోడు పెట్టుకుంటూ. "మిగతావి వెళ్లిపోతాయి."

"సార్, కరెంటు..."

"ఏమిటి?"

కళ్లజోడు మళ్లీ తీస్తాడేమో అనిపించింది. 

"ఏం లేదండి," అంది.

*

ఉప్పల్ బస్సులో నిలబడటానికి కూడా చోటు లేదు. ఆమని రాడ్డు పట్టుకుని చుట్టూ ఉన్న చొక్కా జేబులవైపు చూసింది. ప్రతి జేబులోనూ ఫోను. పక్కనున్నతని జేబు సరిగ్గా ఆమె చెంపకు ఆనుతోంది. తల పక్కకు తిప్పుకుంది. అటువైపు కూడా జేబే.

ఇల్లు స్టేడియం వెనక వీధిలో. ఆమె వెళ్లేసరికి భర్త బుచ్చిబాబు మంచంమీద బోర్లా పడుకుని, చార్జింగు తీగ తగిలించి ఉన్న ఫోనును తలగడమీద పెట్టుకుని మాట్లాడుతున్నాడు. హబ్సిగూడలో ఒక కోచింగ్ సెంటరులో కెమిస్ట్రీ చెబుతాడు. ఉద్యమం బందుల మూలంగా క్లాసులు సగం రోజులు ఉండటం లేదు.

ఆమె బ్యాగు కూడా దించకుండా వెళ్లి తీగ పీకేసింది.

"ఏయ్! ఏమైంది?"

"తలగడమీద పెట్టకండి. దయచేసి."

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఆమె అంతా చెప్పింది. 

"సాంబయ్య అబద్ధం ఎందుకు చెప్పాడంటావ్?"

"తెలీదు. నేను పక్కనే ఉన్నాను. నాకు నిజం తెలుసు. నోరు పెగల్లేదు."

"చెప్పాల్సింది చెప్పావు. చెడ్డ రోలు పక్కన పెట్టారు. ఇంకేం చేస్తావ్?" ఆయన లేచి కూర్చున్నాడు. "అంత భయంగా ఉంటే మానెయ్ ఆమనీ. ఇంకెక్కడైనా చూసుకోవచ్చు."

"నేను మానేస్తాను. ఆ సెల్లులు వెళ్లడం మానవుగా."

అలా అన్నాకగానీ తను దేనికి భయపడుతోందో ఆమెకు తెలియలేదు. కరెంటు పోయింది ఆ ఒక్క రోలుకేనా?

*

బుధవారం పొద్దున్నే పూత షెడ్డులోకి వెళ్లింది. మిషను ఆగి ఉంది. మిగిలిన రోళ్లన్నిటి చివరి ముక్కలూ గోడవారన వరసగా వేలాడుతున్నాయి. ఆమె ఒక్కోదానికి సెల్లోటేపు అంటించి, గోటితో నొక్కి, ఒక్కసారి లాగింది. మొదటి టేపు తెల్లగా వచ్చింది. రెండోదీ తెల్లగా వచ్చింది. మూడోది మధ్యలో మాత్రం శుభ్రంగా ఉంది, అంచుల్లో తెలుపు. తర్వాత ఆమె ఆగి, కిటికీ దగ్గరకు వెళ్లి గాలి పీల్చుకుని వచ్చి, మిగతావి చేసింది. పూత గట్టిగా పట్టుకున్న రోలు ఒక్కటీ లేదు.

వాటితో చేసిన సెల్లులు రెండు తెచ్చి ఓవెన్‌లో ఒకదాని తర్వాత ఒకటి పెట్టింది. ఈసారి స్టూలు మీద కూర్చోలేదు. తలుపు బయట, గోడ చాటునుంచి తల ఒక్కటే పెట్టి చూసింది. మొదటిది మామూలుగా ఉబ్బి చల్లబడింది. రెండోది పేలింది.

రెండూ పేలినా ఆమెకు అంత భయం వేసేది కాదు. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నాయి. ఒకే మెరుపు, ఒకే బరువు. ఏది పేలుతుందో చెప్పే గుర్తు లేదు.

ఆరోజు జగన్మోహన్ ఊళ్లో లేడు. గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె ప్యాకింగు హాలుకు వెళ్లింది. ఆడవాళ్లు పొడవాటి బల్లకు అటూ ఇటూ కూర్చుని సెల్లులను నల్లటి డబ్బాల్లో అమర్చి, బెల్టులు తొడిగి, అట్టపెట్టెల్లో పెడతారు. అక్కడే సారలమ్మ ఉంది. సాంబయ్య భార్య. అందరూ టిఫిన్లు తీసుకుని చెట్టు నీడకు వెళ్లినా ఆమె మాత్రం బల్ల దగ్గరే కూర్చుని బెల్టు బకిల్స్ బిగిస్తోంది.

"అక్కా, తినలేదా?"

"తింట మేడం. గీ నాలుగు అయిపోనీ."

ఆమని ఎదురుగా కూర్చుంది. ఏమని అడగాలో తెలియక కాసేపు బెల్టులు అందించింది.

"సాంబయ్యగారు అలా ఎందుకు చెప్పారక్కా? ఆయన మిషను వదిలి వెళ్లలేదని నాకు తెలుసు."

సారలమ్మ వేళ్లు ఆగలేదు. బకిల్‌లోంచి బెల్టు కొస లాగి, బిగించి, ఇంకొకటి అందుకుంది.

"మా తమ్ముడు గోదావరిఖనిల గనిల దిగుతడు. ఈ లైటే కట్టుకుంటడు. ఎరికేనా మీకు?"

"తెలీదు."

"మా ఆయన ఏమన్నడంటే... కరెంటు తప్పంటే ఏ సారూ ఆపడు, కరెంటు తప్పంటే ఫ్యాక్టరే బందు పెట్టాలె గద. మనిషి తప్పంటే ఆపుతరు. మనిషిని తీసేసి, గా సెల్లులు తీసేసి, ఊరుకుంటరు. గందుకే నేనే ఒప్పుకున్న, మిగిలిన రోళ్లు మంచిగనే ఆరినయ్ అన్నడు." ఆమె మొదటిసారి తల ఎత్తింది. "నౌకరి పోతే పోయింది, ఇంకో షెడ్డుల దొరుకుతది. తమ్ముడి ఫికర్ లేకుంట అయింది, గంతే చాలు."

ఆమని చేతిలోని బెల్టును బల్లమీద పెట్టేసింది.

"అక్కా, ఆ ఒక్క రోలే కాదు. అన్నీ అలాగే ఉన్నాయి. నిన్న చూశాను."

సారలమ్మకు ముందు అర్థం కానట్టుంది. తర్వాత చేతిలో ఉన్న డబ్బావైపు చూసింది. పొద్దుట్నుంచి తన చేత్తో బిగించి పేర్చిన పెట్టెలవైపు చూసింది. డబ్బాను బల్లమీద పెట్టేసి చేతులు చీరకు తుడుచుకుంది, వాటికేదో అంటుకున్నట్టు.

"మరి గాయన ఒప్పుకున్నది ఎందుకు పనికొచ్చింది?" అంది.



*

శుక్రవారం ఉదయం జగన్మోహన్ గదిలో ఆమె కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనని భయం. చెప్పవలసినదంతా నిలబడే చెప్పింది. టేపు ముక్కలు అంటించిన నల్ల కాగితం బల్లమీద పెట్టింది. ఆయన దానివైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"ఒకటి పేలింది, ఒకటి పేలలేదు అంటున్నావు."

"అవునండి."

"నూట యాభై డిగ్రీల వేడి గనిలో ఎక్కడుంటుందమ్మా? అంత వేడుంటే మనిషే ఉండడు."

"సెల్లు లోపల చిన్న షార్ట్ అయితే చాలు సార్, ఆ వేడి దానికదే పుడుతుంది. దెబ్బ తగిలినా అంతే. అందుకేగా మనం పూత మొదలుపెట్టింది. మీరే చెప్పారు నాకు."

కళ్లజోడు బల్లమీదికి వచ్చింది.

"రేపు లారీ వస్తుంది. ఈ ఆర్డరు పోతే ఈ షెడ్డు ఉండదు. నువ్వూ ఉండవు, ఆ బల్లచుట్టూ ఉన్నవాళ్లూ ఉండరు. వెళ్లి పని చూసుకో."

"ఒక్కసారి మీరొచ్చి చూడండి సార్."

"వెళ్లమన్నాను."

ఆమె బయటికి వచ్చింది. ఓవెన్ గదికి పోవడానికి ప్యాకింగు హాలు మీదుగానే నడవాలి. గుమ్మంలో ఆగింది. టేపులు చింపుతున్న చప్పుడు, పెట్టెలు జరుపుతున్న చప్పుడు. సారలమ్మ తల ఎత్తి చూసింది, ఏమన్నాడని అడుగుతున్నట్టు. ఆమని అడ్డంగా తలూపింది.

సారలమ్మ లేచి నిలబడింది.

"మేడం, నాకు చెప్పింది అందరికి చెప్పుండ్రి."

అంతమంది మొహాలు ఒక్కసారి ఆమెవైపు తిరిగాయి. ఆమనికి పారిపోవాలనిపించింది. ఏం మాట్లాడిందో తర్వాత గుర్తులేదు. పూత నిలవలేదని, సాంబయ్య తప్పు కాదని, ఏది పేలుతుందో తనకు తెలీదని మాత్రం చెప్పినట్టుంది. 

ఎవరూ కేకలు వేయలేదు. ఒకామె టేపు బల్లమీద పెట్టింది. పక్కామె కత్తెర పెట్టింది. కొంతసేపటికి హాల్లో చప్పుడనేది లేకుండా పోయింది. ఆ చప్పుడు ఆగడమే వినిపించినట్టుంది, జగన్మోహన్ గది తలుపు తెరుచుకుంది.

"ఏమైంది? ఎందుకాపారు?"

సారలమ్మ తను పేర్చిన పెట్టెల్లోంచి ఒకటి విప్పి, రెండు డబ్బాలు తీసి ఆయన ముందుకు చాచింది. చాచిన చెయ్యి వెనక్కి తీయలేదు.

"సార్, మా తమ్ముడు గనిల దిగుతడు. మీరు ఒక్కపాలి గా పెట్టెల పెట్టి సూడుండ్రి. సూసినంక గూడ పంపుమంటే నేనే కట్టి పంపుత."

ఆయన ఆ డబ్బాలవైపు చూశాడు. ఆడవాళ్లవైపు చూశాడు. వాటిని అందుకుని ఓవెన్ గదివైపు నడిచాడు.

ఆమని ఒక డబ్బాలోంచి సెల్లు విడదీసి లోపల పెట్టింది. జగన్మోహన్ అద్దం ముందు నిలబడ్డాడు. వెనక గుమ్మంలో సారలమ్మ, ఆమె వెనక మిగతావాళ్లు. వేడి ఎక్కుతున్నకొద్దీ ఆయన మెడమీద చెమట కాలరులోకి దిగుతోంది. సెల్లు ఉబ్బింది. అంచు దగ్గర సన్నగా ఆవిరి వదిలింది. అంతే, చల్లబడింది.

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు.

"చూశారుగా?"

ఆమని గుమ్మంలోని ఆడవాళ్లవైపు చూసింది. ఇక ఎవరూ నమ్మరు.

"ఇంకోటి ఉన్నది గద సార్," అంది సారలమ్మ.

రెండోది పెట్టేటప్పుడు ఆమని పట్టకారు రెండుసార్లు జారింది. జగన్మోహన్ ఈసారి అద్దానికి ఇంకా దగ్గరగా వంగాడు. ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. అంతకుముందు ఎప్పుడూ ఆయన్ని తాకలేదు. ఆయన ఆశ్చర్యపోయి తలతిప్పేలోపే వెలుగు లేచింది. పెట్టె బల్లమీద దుమికింది. గుమ్మంలో ఆడవాళ్లు అరుస్తూ వెనక్కి పడ్డారు.

పొగలోంచి అందరూ బయటికి వచ్చాక జగన్మోహన్ పంపు కట్టమీద కూలబడ్డాడు. దగ్గు ఆగాక చాలాసేపు తన చేతులవైపే చూసుకున్నాడు.

"నేను ఓవెన్ గదికి ఎందుకు రాలేదో తెలుసా?" అన్నాడు ఆమనితో.  "చూస్తే పంపలేనని. ఈ నెలంతా నాకు నిద్ర లేదు."

 ఇన్నాళ్లూ తను భయపడింది ఈ మనిషికేనా అనిపించింది ఆమనికి.

ఆయన లేచి తన గదిలోకి వెళ్లి ఫోను తీశాడు. ఆమె గుమ్మందాకా వెంట వెళ్లింది. అవతల గనులవాళ్ల ఇంజినీరు. జగన్మోహన్ నమస్కారం చెప్పి, రేపు సరుకు పంపలేనని, అంతా ఆపేస్తున్నానని చెప్పాడు. అవతలివాళ్లు కారణం అడిగినట్టుంది. ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు.

"మా పూత ఆపరేటరు పొరపాటండీ. మిషను దగ్గర లేకుండా వెళ్లిపోయాడు. అతన్ని తీసేశాం. కొత్త మనిషిని పెట్టి..."

సరుకు ఆగిపోయింది. ఆమెకు కావలసింది అదే. ఇక వెనక్కి తిరిగి వెళ్లిపోవచ్చు. ఎవరూ ఏమీ అనరు.

"కాదు సార్."

అంత గట్టిగా అంటుందని ఆమె అనుకోలేదు. హాలుదాకా వినిపించింది. ఫోనులోకి కూడా వెళ్లింది. జగన్మోహన్ చప్పున ఫోనుమీద అరచెయ్యి అడ్డం పెట్టి ఆమెవైపు చూశాడు.  ఆమె తలుపు చట్రం పట్టుకుంది. వెళ్లలేదు.

"ఆయన మిషను వదల్లేదు సార్. కరెంటు లేదు. కొత్త మనిషొచ్చినా అంతే."

ఫోనులోంచి హలో హలో అని వినిపిస్తోంది. ఆయన చూపు హాలులోని పెట్టెలవైపు తిరిగింది. తర్వాత చెయ్యి తీశాడు.

"ఆపరేటరు తప్పు కాదండీ," అన్నాడు. "మా దగ్గర హీటరుకు సరిపడా జనరేటరు లేదు. నాకు తెలిసే నడిపించాను."

*

శనివారం లారీ రాలేదు. సోమవారం తామే వచ్చి చూస్తామన్నారు గనులవాళ్లు. ఆర్డరు ఉంటుందో పోతుందో ఎవరికీ తెలీదు. ప్యాకింగు హాల్లో ఆడవాళ్లు కట్టిన పెట్టెలు విప్పుతున్నారు. ఇద్దరు ముగ్గురు ఆమనితో మాట్లాడటం మానేశారు. సాంబయ్యను రమ్మనమని జగన్మోహన్ చెప్పగానే, ఆ కబురు తనే తీసుకువెళతానంది ఆమె.

సాంబయ్య ఇల్లు నాచారంలోనే, పారిశ్రామికవాడ గోడ వెనక సందులో. గుమ్మం ముందు నీళ్లు చల్లుకుని నేలమీద కూర్చున్నాడు. సారలమ్మ రాత్రే అంతా చెప్పినట్టుంది, ఆమెను చూసి లేచి కుర్చీ వేశాడు కానీ మొహంలో నవ్వు లేదు.

"మీరెందుకు చెప్పిండ్రు మేడం? సరుకైతే ఆగింది గద. నా మీదనే ఉంచితే షెడ్డు బతుకుతుండె. ఇప్పుడు గంతమంది నౌకర్లు పోతే?"

"పోతే నాదీ పోతుంది."

"భయం కాలేదా?"

"అయింది. ఇప్పుడూ ఉంది." ఆమె కుర్చీలో కూర్చోలేదు. "చెప్పకుండా వెళ్లిపోయుంటే ఇంకా ఎక్కువ ఉండేది సాంబయ్యగారూ. మీ తర్వాత ఆ మిషను దగ్గరకు ఇంకొకరు వచ్చేవాళ్లు. మళ్లీ కరెంటు పోయేది. సార్ మిమ్మల్ని రమ్మన్నారు."

అతను సందు చివరికి చూశాడు. ఎవరో బిందె నింపుకుంటున్నారు. తర్వాత మెడమీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"నేను లేనప్పుడు మిషను ఎవరన్న కడిగిన్రా?"

"లేదు. ఎవరూ ముట్టుకోలేదు."

"ట్యాంకుల పూత గట్లనే ఉన్నదా? గట్టివడి ఉంటది. రోలర్లు పాడైతయ్," అంటూ సాంబయ్య చెప్పులకోసం చుట్టూ చూశాడు.